పారేద్దామనుకున్న బొమ్మలో పనికొచ్చే ముక్క



మార్కెట్ నుంచి తెచ్చిన జామకాయకి ఒక పక్క మచ్చ ఉంటే మనం ఏం చేస్తాం? కాయంతా అవతల పారెయ్యం కదా! చాకు తీసుకుని పాడైనంత మేర కోసేసి, మిగతాది ఉప్పూ కారం అద్ది పిల్లలకి పెడతాం. చీర మధ్యలో చిరిగితే అంచు విప్పి పాప లంగాకి వేస్తాం. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోర అవుతుంది. ఏది పనికొస్తుందో, ఏది రాదో చూసే కన్ను మనకి పుట్టుకతో రాకపోయినా కాపురంతో వస్తుంది. ఆ కన్నే బొమ్మలు వేసుకోవడంలో కూడా అక్కరకొస్తుందని నాకు నలభై ఆరేళ్ళకి తెలిసింది. ఈ వారం ఆ ముచ్చటే చెబుతాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అది దాచిపెడితే అసలు సంగతి మీకు అర్థం కాదు. అందుకే అదీ చెప్పేస్తాను.

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది గానీ బొమ్మల పిచ్చి ఆగలేదు. పత్రికల్లో వచ్చే గులాబీలు, నెమళ్ళు, వినాయకుడు చూసి గీసేదాన్ని. దిండు గలీబుల మీద ఫాబ్రిక్ పెయింటింగ్ వేసేదాన్ని. మా అమ్మాయి చదువుకి హాస్టల్‌కి వెళ్ళాక దాని బీరువా సర్దుతుంటే సగం వాడిన అక్రిలిక్ రంగుల ట్యూబులు దొరికాయి. ఎండిపోతే దండగ కదా అని మధ్యాహ్నం పూట ముందేసుకుని కూర్చున్నాను. ఈసారి ఏ బొమ్మా చూసి వెయ్యకూడదు, ఉత్త రంగులతోనే ఏదైనా చేద్దాం అనుకున్నాను. దాన్నే అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ అంటారట.

“ఇదేం బొమ్మ? తల ఎక్కడ, తోక ఎక్కడ?” అన్నారు మావారు. నేను వెంటనే నా చీర చూపించాను. “ఈ పల్లూలో ఏం బొమ్మ ఉంది? ముదురాకుపచ్చ, దాని పక్కన మామిడిపండు రంగు, మధ్యలో సన్నటి జరీ గీత. అయినా బాగుందనే కదా మీరు కొన్నారు!” అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. నిజమేనండీ, రంగుల పొందిక, గీత నడక, ఎంత నిండుగా ఎంత ఖాళీగా ఉండాలి అన్న లెక్క మనకి కొత్తవి కావు. చీర ఎంచుకునేటప్పుడూ, ముగ్గు వేసేటప్పుడూ రోజూ చేసే పనే.

కావలసినవి

అక్రిలిక్ రంగులు మూడు, తెల్ల రంగు ఒకటి. మొదట్లో ఇంతకు మించి వద్దు. మందపాటి డ్రాయింగ్ షీట్లు (300 జీఎస్ఎం అని అడగండి. పల్చటి కాగితం తడికి అప్పడంలా లేస్తుంది). ఒక ప్లైవుడ్ చెక్క, కాగితం నాలుగు పక్కలా అంటించడానికి మాస్కింగ్ టేపు. పాత టూత్ బ్రష్, గిన్నెలు తోమే కొత్త స్పాంజి ముక్క, పాత ఏటీఎం కార్డు, విరిగిన దువ్వెన, పాలిథిన్ కవరు. రంగులు కలిపే పళ్ళెం, నీళ్ళ గ్లాసు విడిగా పెట్టుకోండి. అవి మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. పాత నైటీ వేసుకుని కూర్చోండి. అక్రిలిక్ తడిగా ఉంటే నీళ్ళకి పోతుంది, ఆరితే ఏ సబ్బుకీ పోదు.

చేసే విధానం

ఒకటి: గీకుడు. ముందు ఒక లేత రంగు పూసి పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద ముదురు రంగు పూసి, తడి ఆరకముందే కార్డు అంచుతోనో దువ్వెనతోనో గీకండి. కింది రంగు గీతలు గీతలుగా తొంగి చూస్తుంది.

రెండు: కవరు ముడతలు. తడి రంగు మీద పాలిథిన్ కవరు నలిపి పరిచి, పైన ఒక పుస్తకం బరువు పెట్టండి. రంగు బాగా ఆరాక తీస్తే రాతి మీద పగుళ్ళలాంటి డిజైను వస్తుంది. ఆత్రపడి ముందే తీశారో, అంతా అలుక్కుపోతుంది.

మూడు: కల్లుప్పు. ఇది నీటి రంగులకే, మందంగా పూసిన అక్రిలిక్‌కి పని చెయ్యదు. కాగితం తడిగా నిగనిగలాడుతున్నప్పుడు నాలుగు గల్లులు చల్లండి. ఉప్పు నీటిని లాక్కుంటుంది కదా, ప్రతి గల్లు చుట్టూ చిన్న నక్షత్రంలా తెల్లబడుతుంది. పూర్తిగా ఆరాక దులిపెయ్యండి.

నాలుగు: కొవ్వొత్తి. తెల్ల కొవ్వొత్తితో కాగితం మీద గట్టిగా గీతలు గీసి, పైన పల్చటి నీటి రంగు పూయండి. మైనం ఉన్నచోట రంగు అంటదు. కరెంటు పోయిన రాత్రి మిగిలిన ముక్కలకి ఇదొక ఉపయోగం.

ఒక్క జాగ్రత్త. నీలమూ నారింజా, ఎరుపూ ఆకుపచ్చా, పసుపూ ఊదా, ఈ జంటలు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. తడిమీద కలిశాయంటే మాత్రం బురదే. మొదటిది ఆరాకే రెండోది వెయ్యాలి. ఈ సంగతి నేను నేర్చుకున్న తీరే ఇప్పుడు చెప్పబోయే కథ.

నా కోపం, ఆ మూల

సంక్రాంతికి అమ్మాయి ఇంటికొస్తుంది కదా, హాల్లో సోఫా పైన గోడకి పెద్ద బొమ్మ వేసి పెడదామనుకున్నాను. 22 అంగుళాలు, 30 అంగుళాల పెద్ద షీటు తెచ్చాను. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని నీలం పూశాను, ఆరబెట్టాను, మీద ఇటుక రంగు పూశాను. ఆ ఇటుక రంగు ఇంకా తడిగా ఉంది. ఇంతలో కుక్కర్ మూడో విజిల్ వేసింది. లోపలికి వెళ్ళాను.

మా అత్తయ్యగారికి మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అంతకు ముందు మా వీధిలో ఆవిడ ముగ్గంటే ముగ్గే. ధనుర్మాసంలో 21 చుక్కల ముగ్గు ఎక్కడా చెయ్యి ఆపకుండా లాగేసేవారు. జబ్బు చేశాక ముగ్గు గిన్నె ముట్టుకోలేదు. నేను రంగులు వేస్తుంటే పక్కన కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేవారు, ఏమీ అనేవారు కాదు.

నేను తిరిగి వచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి వంగి, ఎడమచేతి మూడు వేళ్ళతో షీటు మూలన తడి రంగులో ఇంతేసి వంకీ లాగేశారు.

“అయ్యో అత్తయ్యా! నాలుగు రోజుల కష్టమండీ! ముట్టుకోవద్దని చెప్పానా లేదా?” అని అరిచేశాను. పనమ్మాయి కూడా తలుపు దగ్గరకొచ్చి చూసింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని చీర కొంగుకి తుడుచుకున్నారు. “చెయ్యి ఊరుకోలేదమ్మా” అన్నారు, అంతే. ఆ రాత్రి అన్నం కూడా సగమే తిన్నారు.

నాకా కోపం చల్లారలేదు. మిగతా షీటునైనా బాగుచేద్దామని తడిమీదే నారింజ వేశాను, అది నప్పక మళ్ళీ నీలం, దానిమీద తెలుపు. గంటలో షీటంతా వానాకాలం వాకిలిలా తయారయింది. ఆ మూలని మాత్రం కోపంతో ముట్టుకోలేదు. షీటు ఆరాక అటక మీద పడేశాను. “అత్తయ్యగారు పాడుచేశారు” అని మావారితో చెప్పాను, ఫోన్లో అమ్మాయికీ చెప్పాను. అదే నా తప్పు.

ఫోటో అట్ట చేసిన మేలు

మూడు వారాల తరవాత అటక దులుపుతుంటే ఆ షీటు కిందికి వచ్చింది. దానితోపాటే ఎప్పటిదో గ్రూప్ ఫోటో అట్ట, ఫోటో ఊడిపోయి మధ్యలో కిటికీలా ఖాళీ ఉన్నది, జారి దాని మీద పడింది. చేత్తో పక్కకి జరిపాను. జరుపుతుంటే ఆ కిటికీలో బొమ్మ మారుతూ పోయింది. ఒకచోట బురద, ఇంకోచోటా బురదే. మూల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

ఇటుక రంగు మీద మూడు నీలి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఒక్క ఊపున వంపు తిరిగి, చివర సన్నబడి ఆగాయి. గీకుడు అంటే ఏమిటో నేను కార్డులు, దువ్వెనలు పట్టుకుని నానా తంటాలు పడ్డాను. ఆవిడ యాభై ఏళ్ళు ముగ్గు వేసిన చేతి పనితనం పడిపోని చేతిలోకి కూడా వచ్చినట్టుంది. షీటు మొత్తంలో ప్రాణమున్నది ఆ మూల ఒక్కటే. పాడుచేసింది ఆవిడ కాదు, నేను.

అట్ట కిటికీ తయారు చేసుకోండి

మీ దగ్గర ఫోటో అట్ట లేకపోయినా ఫరవాలేదు. కొత్త చొక్కాలో వచ్చే అట్ట తీసుకుని వడ్రంగి మూలమట్టం ఆకారంలో రెండు ముక్కలు కోసుకోండి. ఒక్కో చెయ్యి అడుగు పొడవు, రెండంగుళాల వెడల్పు ఉంటే చాలు. రెండూ ఎదురెదురుగా పెడితే మధ్యలో కిటికీ ఏర్పడుతుంది. దగ్గరికి జరిపితే చిన్నది, దూరం జరిపితే పెద్దది. నలుచదరం కావాలన్నా, నిలువు కావాలన్నా, అడ్డం కావాలన్నా మీ ఇష్టం.

బొమ్మ పూర్తిగా ఆరాక నేల మీద పరిచి ఈ కిటికీని మెల్లగా జరుపుతూ చూడండి. షీటుని నాలుగు వైపులా తిప్పి చూడండి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. వాసిలీ కాండిన్స్కీ అనే రష్యా చిత్రకారుడు ఒక సాయంకాలం ఇంటికొచ్చి, మసక వెలుతురులో ఎంతో అందమైన బొమ్మ ఒకటి చూసి నివ్వెరపోయాడట. తీరా చూస్తే అది ఆయన బొమ్మే, పక్కకి తిరగేసి ఉంది! ఈ సంగతి ఆయనే 1913లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

కిటికీలో ఏం చూడాలంటే: కన్ను ముందు వెళ్ళి వాలే చోటు ఒకటుండాలి, రెండు మూడుంటే కన్ను కొట్టుకుపోతుంది. ఆ చోటు నట్టనడుమ కన్నా కాస్త పక్కకి ఉంటే బాగుంటుంది. ముదురు, లేత రెండూ ఉండాలి. అంచు దగ్గర గీత సగంలో తెగినా ఫరవాలేదు, బయట ఇంకా ఏదో ఉందనిపిస్తుంది. అంచుకి కొద్దిగా తగిలీ తగలకుండా ఆగిపోతే మాత్రం కన్ను అక్కడే గుచ్చుకుంటుంది. కాస్త ఖాళీ చోటు ఉంచండి. విస్తట్లో కూడా అన్నీ ఒకదాని మీద ఒకటి వడ్డించం కదా!

నచ్చిన చోట పెన్సిల్‌తో నాలుగు మూలలా చుక్కలు పెట్టి ఆ పూటకి వదిలెయ్యండి. సెల్ ఫోన్‌తో ఫోటో తీసి, అందులోనే కత్తిరించి చూసుకోవచ్చు. ఫోన్లో కత్తిరింపు వెనక్కి వస్తుంది, బ్లేడు కత్తిరింపు రాదు. అందుకని ఒక రాత్రి గడవనివ్వండి. పొద్దున్నే కాఫీ తాగుతూ చూసినప్పుడు కూడా అదే చోటు బాగుందనిపిస్తే కోసెయ్యండి.

కోసేటప్పుడు కింద మందపాటి అట్ట, పైన స్టీలు స్కేలు, కట్టర్‌లో కొత్త బ్లేడు. ఒక్కసారే గట్టిగా నొక్కద్దు, తేలిగ్గా మూడు నాలుగు సార్లు లాగండి. స్కేలు పట్టుకున్న వేళ్ళు అంచుకి దూరంగా ఉండాలి. పిల్లలు ఇంట్లో లేని వేళ చూసుకోండి. నాలుగు పక్కలా పావు అంగుళం ఎక్కువ ఉంచి కోయడం మరవద్దు, ఫ్రేము ఆ మేర తినేస్తుంది. మొదటిసారి నేను లెక్కగా కోసి ఇస్తే మంచి గీతంతా ఫ్రేము కిందికి పోయింది. కాన్వాస్ గుడ్డ మీద వేసినదైతే చుట్టూ రెండంగుళాలు ఉంచాలి, చెక్క చట్రానికి మడిచి కొట్టడానికి.

కొయ్యనా, వద్దా?

ఇంత చెప్పాను గానీ ఆ పెద్ద షీటు ముందు బ్లేడు పట్టుకుని నేను రెండు రోజులు కూర్చున్నాను. “అంత పెద్ద బొమ్మ కోసి చిన్న ముక్క చేస్తావా? ఖరీదైన షీటు!” అన్నారు మావారు. నాకూ అదే బాధ. నాలుగు మధ్యాహ్నాలు, అన్ని ట్యూబుల రంగు. కానీ పెట్టిన ఖర్చు చూసి మాడిన కూర వడ్డిస్తామా, చెప్పండి?

పెద్దవాళ్ళు కూడా ఇలా కోసుకున్నవాళ్ళే. ఫ్రాన్సులో ఎడువార్ మానే అనే చిత్రకారుడు ఎద్దుల పోరు మీద పెద్ద బొమ్మ వేసి 1864లో పారిస్ ప్రదర్శనలో పెడితే అందరూ ఎగతాళి చేశారట. ఆయన దాన్ని కోసేశాడు. అందులో చనిపోయి పడున్న మనిషి బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఇంకో ముక్క న్యూయార్క్‌లోని ఫ్రిక్ మ్యూజియంలో ఉంది. ఒక బొమ్మ పోయి రెండయ్యాయి.

అమెరికాలో జాక్సన్ పొలాక్ అనే ఆయన కాన్వాస్ నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగులు ధారగా పోసేవాడు. మనం ముగ్గు వేసినట్టే అనుకోండి. ఆయన భార్య లీ క్రాస్నర్ కూడా చిత్రకారిణే. 1950ల మొదట్లో ఒకరోజు ఆవిడకి తన డ్రాయింగుల మీద విసుగొచ్చి అన్నీ చింపి నేల మీద పారేసి తలుపేసుకుని వచ్చేసింది. కొన్ని వారాల తరవాత తలుపు తీసి చూస్తే ఆ ముక్కలే ముచ్చటగా కనిపించాయట. వాటిని అతికించి కొత్త బొమ్మలు చేసి 1955లో న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టింది. ఆ అటక సంగతి గుర్తొచ్చి నాకెంత నవ్వొచ్చిందో!

అయితే ఒకటి. మన బొమ్మని మనమే కోసుకోవాలి, ఇంకొకరి బొమ్మని కోసే హక్కు మనకి లేదు. రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్ వాచ్’ అనే పెద్ద బొమ్మని 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్‌లో గోడకి పట్టలేదని నాలుగు వైపులా కోసేశారు. వేసినాయన అప్పటికి ఎప్పుడో పోయాడు. కోసిన ముక్కలు ఇప్పటికీ దొరకలేదు.

అది చదివాకే నాకు తట్టింది. ఆ మూల నాది కాదు కదా! అత్తయ్యగారిది. నేనొక్కదాన్నే ఎలా కోస్తాను?

షీటు తీసుకెళ్ళి ఆవిడ మంచం మీద పరిచాను. “అత్తయ్యా, ఆ రోజు మీ మీద అరిచాను. తప్పు నాదే. ఈ షీటు మొత్తంలో బాగున్నది మీరు లాగిన మూల ఒక్కటే. మిగతాది కోసేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?” అన్నాను.

ఆవిడ చాలాసేపు చూశారు. ఎడమచేత్తో అట్టముక్కని కొంచెం పైకి జరిపారు. గీతల పైన నేను అనుకున్నదానికంటే ఖాళీ ఎక్కువ వచ్చింది. ఒప్పుకోవద్దూ, నేను పెట్టిన చోటు కంటే అదే బాగుంది. “ముగ్గు తప్పితే మేం చెరిపేసేవాళ్ళం. నువ్వు కోస్తున్నావు. అంతేగా!” అన్నారు.

ఆవిడ ఎదురుగానే కోశాను. ఎనిమిది అంగుళాలు, పది అంగుళాల ముక్క వచ్చింది. చుట్టూ తెల్ల మౌంటు అట్ట పెట్టించి ఫ్రేము కట్టించాను. సోఫా పైన గోడ పెద్దది, బొమ్మ చిన్నది. అయినా సంక్రాంతికి వచ్చినవాళ్ళందరి కళ్ళూ ముందు అక్కడికే వెళ్ళాయి. “ఎవరు వేశారు?” అని అడిగితే, “గీతలు మా అత్తయ్యగారివి, రంగులు నావి” అని చెప్పాను. అమ్మాయికి కూడా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కొంగు మీద ఆ ఇటుక రంగు మరక ఇంకా అలాగే ఉంది. పోదని తెలిసే ఇప్పుడు తుడవడం మానేశాను.

మిగిలిన షీటుని కూడా పారెయ్యలేదు లెండి. చూడగా చూడగా అందులోంచి పుస్తకాల్లో పెట్టుకునే సన్నటి గుర్తు చీటీలు ఆరు, పెళ్ళికి కట్నం చదివించే కవర్ల మీద అతికించే చిన్న ముక్కలు పది వచ్చాయి. అన్ని బొమ్మలకీ ఇలా అదృష్టం పట్టదు సుమండీ. ఆ తరవాత ఆరు షీట్లు వేస్తే రెండింటిలోనే మంచి ముక్క దొరికింది. నాలుగు చెత్తలోకే పోయాయి. ఒకదాన్నైతే ఇంకా బాగుచేద్దామని కోసి కోసి అగ్గిపెట్టంత చేశాను. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు మధ్యాహ్నం పూట మా ఇంట్లో రెండు షీట్లు పరుస్తున్నాం. నేను రంగు పూస్తాను, తడి ఆరకముందే అత్తయ్యగారు ఎడమచేత్తో లాగుతారు. కుక్కర్ విజిల్ వేస్తే నిశ్చింతగా లోపలికి వెళ్ళొస్తున్నాను.

మీ బీరువా మీదా, మంచం కిందా సగంలో వదిలేసినవి, పాడయ్యాయని చుట్టి పెట్టినవి ఏవో ఉండే ఉంటాయి. రేపు మధ్యాహ్నం బయటికి తీయండి. రెండు అట్టముక్కలు కోసుకుని మెల్లగా జరిపి చూడండి. బ్లేడు పట్టుకునే ముందు మాత్రం, ఇంట్లో ఎవరి మీదైనా అనవసరంగా అరిచి ఉంటే ఆ పని ముందు చక్కబెట్టుకోండి.

ఉంటాను మరి. వచ్చే వారం కలుద్దాం.